ప్రార్థన చేస్తున్నా ధైర్యం రావట్లేదు, ఏం చేయాలి?

గాజువాక కుర్రాడు:
అందరికీ వందనాలు. నేనిక్కడ ఒక కంపెనీలో కాంట్రాక్ట్ వర్కర్‌ని. మాతో పనిచేసే అన్న పైనుంచి పడి నడుం విరిగింది. ఆ రోజు ఆయనకి సేఫ్టీ బెల్ట్ ఇవ్వలేదు, నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడేమో బెల్ట్ ఇచ్చాం, వాడే పెట్టుకోలేదు అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. సోమవారం ఎంక్వైరీ. పెట్టకపోతే గేట్ పాస్ రెన్యూ చేయరు, ఇంట్లో నా ఒక్కడి జీతమే. మోకరించి లేచినా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. నాకు విశ్వాసం తక్కువా?

మల్కాపురం అన్న:
తమ్ముడూ, భయపడితే విశ్వాసం లేనట్టని ఎవరన్నారు? సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు కూడా ఈ శ్రమల గిన్నె తొలగించమనే అడిగాడు. గిన్నె తొలగలేదు, బలపరచడానికి దూత వచ్చాడు, లూకా 22 చూడు. ఫిలిప్పీ 4:13, ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అని మనం ఆటోల వెనక స్టిక్కర్ వేయించుకుంటాం గానీ పౌలు అది రాసింది బంధకాల్లో ఉండి, దాని పై వచనంలో ఉన్నది ఆకలి, లేమి. ఉద్యోగం పోదని నేను మాటివ్వలేను. సంతకం మాత్రం పెట్టకు.

సీతమ్మధార అక్క:
ముందు కడుపునిండా తిని పడుకో నాన్నా. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చెప్పలేదు, తట్టిలేపి రొట్టె తినమన్నాడు.

పాత యూనియన్ మనిషి:
వాక్యం సరే. సేఫ్టీ పరికరం కావాలనే వాడలేదని తేలితే నష్టపరిహారం ఎగ్గొట్టే దారి దొరుకుతుంది, ఆ కాగితం అందుకే. చూసింది చూసినట్టు ఇవాళే రాసి పెట్టుకో.

గాజువాక కుర్రాడు:
రాశాను. మల్కాపురం అన్నా, సోమవారం పొద్దున్న గేటు దగ్గరికి రాగలరా?

మల్కాపురం అన్న:
ఎన్నింటికో చెప్పు.