మా ఇంటి ఖర్చులో పన్ను ఎంతో లెక్కేయడం ఎలా?

అందరికీ నమస్తే. మాది విశాఖ, గాజువాక. నాన్న ఎన్‌ఏడీ వైపు షేర్ ఆటో నడుపుతారు, అమ్మ అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్తుంది. బావగారిది రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "మా జీతంలో కోసిన టాక్స్‌తోనే కదా మీకు రేషన్, పథకాలు." అల్లుడు కాబట్టి నాన్న ఏమీ అనరు. నాకే ఒళ్లు మండుతుంది.

ఇన్‌కమ్ టాక్స్ మేం కట్టం, నిజమే. కానీ ఆటోలో పోసే డీజిల్ మీద మన రాష్ట్ర వ్యాట్ 22.25 శాతం, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కేంద్రం ఎక్సైజ్ వేరే. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ఉండే ప్యాకెట్ బియ్యానికీ 5 శాతం జీఎస్టీ. 26 కిలోల బస్తాలు పుట్టుకొచ్చింది అందుకే! సబ్బు మీద అమ్మకైనా బావగారికైనా ఒకటే రేటు. సంపద పన్నును మాత్రం 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు (బదులుగా కోటి దాటిన ఆదాయాలపై సర్‌చార్జి పెంచారు, అదీ ఒప్పుకోవాలి).

బిల్లు ఉన్న సరుకులకు పన్ను విడదీయడం తెలుసు. డీజిల్‌కి బంకు రసీదులో విడిగా చూపించరు, ఆ వివరం ఎక్కడ దొరుకుతుంది? బిల్లివ్వని కొట్లో కొన్నవి ఎలా లెక్కేయాలి? ఆటో టైర్లు, ఇన్సూరెన్స్ మీద పన్ను ఇంటి ఖర్చులో కలపొచ్చా, లేక ప్రయాణికులే కట్టినట్టా? కామర్స్ చదివినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. సంక్రాంతిలోపు కాగితం మీద లెక్క తయారుచేయాలి.