నాన్న జారిపడి తలకి దెబ్బ తగిలింది, బొప్పి తప్ప ఏం లేదు, పొద్దున్నే వెళ్తే సరిపోతుందా?

పెద్దకొడుకు:
సాయంత్రం ఆరింటికి మా నాన్న (71 ఏళ్ళు) బాత్రూమ్‌లో జారి తల వెనక భాగం గోడకి కొట్టుకున్నారు. రక్తం రాలేదు, స్పృహ తప్పలేదు, చిన్న బొప్పి అంతే. ఇప్పుడు హాయిగా టీవీ చూస్తున్నారు, నాకేం కాలేదురా ఊరికే హడావిడి చెయ్యకు అని నా మీదే కసురుతున్నారు. గుండె కోసం వార్ఫరిన్ వాడతారు, దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా తెలీదు. ఇంకోటి, రాత్రి నిద్రపోనివ్వకూడదు అంటారు కదా నిజమేనా?

కూల్_బ్రో:
కంగారు పడకు బ్రో, చిన్నప్పుడు మనం ఎన్నిసార్లు పడలేదు. బొప్పి బయటికొచ్చిందంటే లోపల ఏం లేనట్టే. ఐస్ పెట్టు చాలు.

నైట్‌డ్యూటీ:
పైన చెప్పింది నమ్మకండి ప్లీజ్. నేను క్యాజువాలిటీలో నర్సుని. బొప్పి అంటే చర్మం కింద చేరిన రక్తం, అది పుర్రెకి బయట సంగతి, లోపల ఏం జరుగుతోందో చెప్పదు. పుర్రె సాగదు కదండీ, లోపల రక్తం చేరితే నలిగేది మెదడే. మీరు చివర్లో మాటవరసకి రాసిన వార్ఫరినే ఇక్కడ అసలు విషయం, అది రక్తం పలచబడే మాత్ర, వాడేవాళ్ళకి చిన్న దెబ్బకి కూడా లోపల రక్తం ఆగకుండా కారొచ్చు, అందుకే మనిషి బాగున్నా సీటీ స్కాన్ తీస్తారు. పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే బయల్దేరండి. మందుల చీటీ, చివరి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే పరీక్ష) రిపోర్టు పట్టుకెళ్ళండి, వెళ్ళగానే రక్తం పలచబడే మాత్ర వాడతారని మొదట చెప్పండి. నొప్పి అంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ఇవ్వకండి. ఈ రాత్రి వార్ఫరిన్ వెయ్యాలా వద్దా డాక్టర్నే అడగండి.
నిద్ర మాటకొస్తే, మెలకువగా కూర్చోబెట్టినంత మాత్రాన రక్తం ఆగదు. భయపడాల్సింది లేపినా సరిగ్గా లేవకపోతే. దారిలో వాంతులు, ఫిట్స్, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, ఒక కంటిపాప పెద్దదవడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారడం, ఏది కనిపించినా అంబులెన్స్ పిలవండి.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
మా చిన్నది తొమ్మిది నెలలప్పుడు మంచం మీంచి పడింది, వెంటనే ఏడ్చింది, పాలు తాగింది, అయినా తీసుకెళ్ళాం. స్కాన్ అక్కర్లేదని కొన్ని గంటలు కళ్ళముందే ఉంచుకుని పంపించారు. మళ్ళీ మళ్ళీ వాంతి అయినా, మాడు ఉబ్బినా, ఎంత ఎత్తుకున్నా ఏడుపు ఆపకపోయినా వెంటనే రమ్మన్నారు.

పాత_పేపర్లు:
నాకేం కాలేదు అనే మాట వింటే నాకు ఇంగ్లీష్ సినిమా నటి నటాషా రిచర్డ్‌సన్ గుర్తొస్తుంది. 2009లో కెనడాలో స్కీయింగ్ నేర్చుకుంటూ పడింది, బాగానే ఉన్నానంది, తర్వాత తలనొప్పి మొదలైంది, రెండ్రోజులకి పోయింది. పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరిందట. మొదట్లో మామూలుగా మాట్లాడటం ఈ రకంలో ఉండేదే.

పెద్దకొడుకు:
తిట్టుకుంటూనే వచ్చారు. స్కాన్‌లో రక్తస్రావం లేదన్నారు, 24 గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచారు. థాంక్స్ అందరికీ, ఇక భయం లేనట్టేనా?

నైట్‌డ్యూటీ:
ఇప్పటికి మంచి వార్తే. కానీ ఆ వయసులో మెదడు కొంచెం కుంచించుకుపోయి దాని పైనుండే సన్నటి సిరలు లాగినట్టు ఉంటాయి, మెల్లగా కారి వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. నడకలో తూలినా, కొత్తగా మతిమరుపు వచ్చినా, తలనొప్పి తగ్గకపోయినా వయసు మీద పడింది కదా అని వదిలెయ్యకండి, మళ్ళీ స్కాన్‌కి రావాలి. పడిన రోజు తేదీ ఆ మందుల చీటీ మీదే రాసి పెట్టండి, అప్పుడు డాక్టర్ మొదట అడిగేది అదే.