ఈ వారం సమస్య: "చూచువాఁడు లేక చూపు నిలిచె"

నిర్వాహకుడు:
ఆటవెలది నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే, యతి చూ–చూ చెల్లింది. ఈసారి ఒక షరతు ఉంది. విషయం చైతన్యం. జగత్తుకు మూలం ఎరుకేనా, లేక మెదళ్లు పుట్టాక వచ్చిన కొత్త చుట్టమా? ఏ పక్షమైనా పట్టండి, కాని పద్యంలోనే తేల్చండి. పద్యం కింద రెండు పేజీల వివరణ రాస్తే నేను వివరణ చదవను.

కిరాణాకవి:
కొట్టు మూసి శెట్టి కునుకు తీయఁగ రాత్రి
గోడ మీఁది కెమెర గుర్తుపట్టె
దొంగ మొగము నిట్టె, దొరికెను సాక్ష్యమ్ము
చూచువాఁడు లేక చూపు నిలిచె

నిర్వాహకుడు:
గణాలు సరి. కొ–కు, గో–గు యతులు చక్కగా కుదిరాయి. అయితే మీకు దొరికింది సాక్ష్యం, సాక్షి ఏడీ? వెలుతురు కెమెరాలో పడి అంకెలయింది, అంతే. మర్నాడు మీరు తెర ముందు కూర్చున్నాకే ఆ అంకెలు దొంగ మొగమయ్యాయి. "గుర్తుపట్టె" అనే క్రియకు కర్త కెమెరా కాదు, మీరే.

కిరాణాకవి:
ఇప్పటి కెమెరాలు మొగాలు నిజంగానే గుర్తుపడుతున్నాయండీ. మా ఫోను నన్ను చూస్తే గాని తెరుచుకోదు.

పొగనిప్పు:
మీ ఫోను మిమ్మల్ని మరొకరి నుంచి వేరు చేయగలదు. వేరు చేస్తున్నానని దానికి అనిపిస్తోందా అన్నది ప్రశ్న. పద్యం ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

కంటివైద్యురాలు:
కన్నుమూసి తాత కాటి కేఁగిన నేమి
దానమిచ్చె నతని తనయ కనులు
వేఱొకనికిఁ గూర్ప వెలుఁగొందె లోకమ్ము
చూచువాఁడు లేక చూపు నిలిచె

ఛందస్సు కోసం "కనులు" అన్నాను. మేము మార్చేది కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా మాత్రమే. మరణించిన ఆరు గంటల్లోపు సేకరించాలి.

గౌతమీతీరం:
అమ్మా, పద్యం మనసుకు తగిలింది. దా–త యతి కూడా సహజంగా పడింది.

నిర్వాహకుడు:
నాకూ తగిలింది. కాని ఇందులో చూచువాడు మారాడే గాని లేకపోలేదు. తాత చూసిన పొలాలూ, మొగాలూ ఆ పొరతో పాటు ఆ కుర్రవాడికి వెళ్లలేదు కదా. కిటికీ అద్దం ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లింది. సమస్యను విప్పకుండా పక్కకు జరిపారు. షరతు లేని వారమైతే ఈ పద్యానికే దండ వేసేవాణ్ణి.

కంటివైద్యురాలు:
ఒప్పుకుంటాను. షరతుకు లోబడిన సంగతి ఒకటి చెబుతాను, పద్యం ఎవరైనా రాయండి. 1974లో వైస్‌క్రాంట్జ్ అనే మనస్తత్త్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక రోగి గురించి ప్రకటించారు. మెదడు వెనుక భాగంలో చూపుకు సంబంధించిన ప్రాంతాన్ని ఒక పక్క శస్త్రచికిత్సలో తీసేయవలసి వచ్చింది. ఎదుట సగం మేర తనకేమీ కనిపించదని అతను చెప్పేవాడు. "సరే, ఊహించి చూపించు" అంటే మాత్రం వెలుగు ఉన్న చోటికే వేలు వెళ్లేది. ఊహ ఎంత మంచిదో చెబితే అతనికే ఆశ్చర్యం. చూపు పని చేసింది, చూచేవాడికి కబురు అందలేదు. నా వల్ల రెండో పాదం దాటలేదు.

ధాన్యకటకం:
చేఁత గలదు గాని చేసెడి వాఁడేడి
బాధ గలదు గాని బాధితుఁ డెట
దారి గలదు గాని దాటువాఁడే లేఁడు
చూచువాఁడు లేక చూపు నిలిచె

భావం నాది కాదు. అయిదో శతాబ్దంలో సింహళంలో విసుద్ధిమగ్గం రాసిన బుద్ధఘోషుడిది. దుఃఖం ఉంది, దుఃఖితుడు లేడు. మార్గం ఉంది, నడిచేవాడు లేడు అంటాడాయన. మీ సమస్యాపాదం ఆయన వాక్యాల పక్కన కూర్చోబెడితే అతకని చోటు కనిపించలేదు, అందుకే ముట్టుకున్నాను.

నిర్వాహకుడు:
మూడు పాదాలూ ఒకే మూసలో పోసినా విసుగు రాలేదు. మంత్రం లాగా నడిచింది. ఇంతవరకు వచ్చినవాటిలో సమస్యను నేరుగా ఎదుర్కొన్నది ఇదొక్కటే. ఒక్క చిక్కు. మీది క్షణికవాదం. ప్రతి ఎరుకా పుట్టిన క్షణమే పోతుందని చెప్పే పక్షం చేత "నిలిచె" అనిపించారు. మీ ఆచార్యుడు ఇది వింటే మొదట నిలదీసేది ఆ క్రియనే.

ధాన్యకటకం:
దీపం రాత్రంతా వెలిగిందంటాం. మొదటి జాము మంట, చివరి జాము మంట ఒకటేనా? మంటలు పోతుంటాయి, వరస నిలుస్తుంది. అదే మా "నిలిచె".

నిర్వాహకుడు:
జాగ్రత్త. వరస నిలిచిందంటే ఆగిందని చదివేవారూ ఉంటారు.

మత్తుడాక్టరు:
ఆ తాళంచెవి మీరే చేతికిచ్చారు కాబట్టి:

మత్తుసూది గుచ్చి మైకమ్ము గప్పంగ
దీప మాఱినట్లు తెలివి యాఱె
నేను నే ననుకొను నీడయే లేదాయె
చూచువాఁడు లేక చూపు నిలిచె

నిలిచె అంటే ఆగెను. రోజూ నా కళ్ల ముందు జరిగేదే. తెల్లటి ప్రొపొఫాల్ మందు నరంలోకి వెళ్లిన నిమిషం లోపే, అంకెలు లెక్కపెడుతున్న మనిషి మధ్యలో ఆగిపోతాడు. మూలపదార్థమే చైతన్యమైతే కొన్ని మిల్లీలీటర్ల మందు దాన్ని ఆపగలగడం నాకు వింతగా ఉంటుంది. మా హైదరాబాదుకు ఈ విద్యలో పాత పేరు ఉంది. క్లోరోఫాం ఇస్తే ప్రమాదం ముందు ఊపిరికా, గుండెకా అని తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో మరొకటి, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుడి పూనికతో ఇక్కడ విచారణ సంఘాలు కూర్చున్నాయి. రెండోదానికి నిజాం ప్రభువు డబ్బిచ్చాడు. కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాలు చేశారు. ఎరుక ఎటు పోతోందని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా అప్పుడు చెప్పగలిగేవారు లేరు.

కిరాణాకవి:
ఇప్పుడు ఉన్నారా?

మత్తుడాక్టరు:
పూర్తిగా లేరు. 1998లో క్రిస్టాఫ్ కోక్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు, డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త పందెం వేసుకున్నారు. ఎరుకకు మూలమైన నాడీవ్యవస్థ ఆనవాలు పాతికేళ్లలో స్పష్టంగా దొరుకుతుందని కోక్ పక్షం. 2023లో న్యూయార్క్‌లో ఓటమి ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చుకున్నాడు. ఎక్కడ ఆగుతుందో మాకు బాగానే తెలుసు. అసలు ఎందుకు ఉందో తెలియదు.

గౌతమీతీరం:
డాక్టరు గారూ, పద్యానికి నమస్కారం, తీర్పుకు కాదు. మత్తు దిగాక మీ రోగి "నాకేమీ తెలియలేదు" అంటాడు కదా. ఆ తెలియకపోవడం ఎవరికి తెలిసి చెబుతున్నాడు? గాఢనిద్ర నుంచి లేచి "హాయిగా నిద్రపోయాను, ఏమీ ఎరగను" అనడం జ్ఞాపకం. అనుభవం లేనిదే జ్ఞాపకం ఎక్కడిది?

పొగనిప్పు:
జ్ఞాపకం కాదు, అనుమానం, అంటే గుర్తులను బట్టి తేల్చుకోవడం. గోడగడియారం చూసి, ఎండ చూసి, ఒళ్లు తేలికైనది చూసి, మధ్యలో నాకు జ్ఞానం లేదని లేచాక ఊహిస్తాడు. నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, అనాదిగా ఇచ్చే జవాబు ఇదే. మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో పదార్థాలకు పట్టిక వేసినప్పుడు జ్ఞానాన్ని గుణాల్లో పెట్టాడు, ద్రవ్యాల్లో కాదు. ఆత్మకు మనసుతో సంయోగం ఉన్నంతసేపే జ్ఞానం, విడితే లేదు. మత్తుడాక్టరు గారి రోగులు నా పక్షానికి నిద్రపోయినవారికంటే మంచి సాక్షులు. నిద్ర లేస్తే ఎంతో కొంత సేపు గడిచినట్టు ఉంటుంది. మత్తు దిగినవాడు "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడుగుతాడట.

మత్తుడాక్టరు:
అవును, చాలామంది అలాగే అడుగుతారు.

గౌతమీతీరం:
వాదం తర్వాత. నా పూరణ:

నే ననియెడు పొగరు నిద్దుర మ్రింగఁగ
జగము మాసె; కాలజాడ మాసె;
శూన్య మంచుఁ దానె చూచిన దెద్దియో
చూచువాఁడు లేక చూపు నిలిచె

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు ఈ వారానికే తలమానికం. "పొగరు" అనే మాటను నిద్ర మింగడం నాకు బాగా నచ్చింది. అహంకారమని పెద్ద మాట వేయకుండా పని జరిపించారు. మూడో పాదం దగ్గరే పేచీ. "చూచిన దెద్దియో" అన్నారు. వీధి గుమ్మం నుంచి పంపేసిన చూచువాణ్ణి దొడ్డిదారిన లోపలికి పిలిచారు. ఇక "లేక" అని ఎలా అనగలం?

గౌతమీతీరం:
పోయినవాడు నేననే పొగరు. చూచినది సాక్షి. ఇద్దరూ ఒకరు కారు. లోకాలన్నీ తెగిన తుదిని పెంజీకటి కవ్వల వెలిగేదాన్ని గజేంద్రుడు పిలిచింది కూడా అందుకే.

నిర్వాహకుడు:
పోతన గజేంద్రుడు అక్కడ "ఎవ్వండు" అన్నాడు. ఒకడున్నాడని నమ్మి పిలిచాడు. బృహదారణ్యక ఉపనిషత్తు నాలుగో అధ్యాయంలో యాజ్ఞవల్క్యుడు సుషుప్తి, అంటే గాఢనిద్ర గురించి చెప్పిందీ చూపు ఒక్కదాని మాట కాదు, ద్రష్ట (చూచేవాడి) చూపుకు లోపం లేదనే. అక్కడ ద్రష్టా ఉన్నాడు, చూపూ ఉంది. చూడటానికి రెండోది లేదు. మన సమస్య మొదటివాణ్ణే తీసేసింది. ఆ లెక్కన ఈ పాదం ఉపనిషత్తుకంటే ధాన్యకటకం గారికి దగ్గర. మీ పక్షానికి లొంగాలంటే మూడో పాదంలో చూడటమనే క్రియే ఉండకూడదు. నా సవరణ:

జ్యోతి యొకటి మిగిలె సుంతయుఁ గదలక

జ్యో–సు యతి చెల్లుతుంది. నచ్చకపోతే మీదే ఉంచండి.

గౌతమీతీరం:
స్వీకరించాను.

పొగనిప్పు:
ఆ జ్యోతి మిగిలిందని చూసి వచ్చినవారెవరు?

గౌతమీతీరం:
దీపం ఉందో లేదో చూడటానికి మరో దీపం పట్టుకెళ్లరు కదండీ.

పొగనిప్పు:
ఈ జవాబు వస్తుందని తెలిసే అడిగాను.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో సంవత్సరం, భౌతికశాస్త్రం. మొదటి ప్రయత్నం.

జీవి లేని నాఁడె చుక్కలు వెలిఁగెను
కన్ను లేని నాఁడె కాంతి పాఱె
నేఁడు వచ్చి మనము నిజమని యంటిమి
చూచువాఁడు లేక చూపు నిలిచె

నిర్వాహకుడు:
చిరంజీవీ, రండి. ముందు యతి. జీ–చు హల్లుల్లో కుదిరింది, అచ్చుల్లో కుదరలేదు. ఈకారానికి ఉకారం మిత్రం కాదు. "జీవి లేని నాఁడె చెలఁగెను దారలు" అంటే జీ–చె సరిపోతుంది. మిగతా పాదాలు నిర్దోషం. మొదటి పద్యానికి ఇంత పట్టు రావడం సంతోషం.

భావంలో మాత్రం కాంతిని చూపు అనేశారు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు, భూమి మీద కళ్లు ఏర్పడింది దాదాపు 54 కోట్ల ఏళ్ల కిందట. అంతవరకూ కాంతి పారింది నిజమే. దాన్ని చూపు అనాలంటే, అప్పుడూ ఎరుక ఉందని మీరే ఒప్పుకోవాలి. అంటే ఖండించబోయి ఎదుటి పక్షానికి ఓటు వేశారు.

మీ పద్యం అడిగిన ప్రశ్న మాత్రం అసలైనది. చైతన్యమే మూలమంటే, కప్పకు కళ్లు వచ్చేదాకా నక్షత్రాలు వేచి ఉన్నాయని కాదు. "జగమంతా నా తలలో ఉంది" అనేది ఒక మాట. "నా తలా జగమూ కలిసి ఒక ఎరుకలో ఉన్నాయి" అనేది వేరే మాట. రెండింటినీ ఒకే గాటన కట్టి కొట్టేవారు, ఒకే గాటన కట్టి పూజించేవారు, ఇద్దరూ నాకు రోజూ తగులుతుంటారు. మొదటిదాన్ని బ్రహ్మసూత్రభాష్యం రెండో అధ్యాయంలో శంకరులే ఎదిరించారు. స్తంభాన్ని, గోడను చూసేవాడు తన చూపునే స్తంభమనీ గోడనీ చూడటం లేదని, బయటి వస్తువులు లేవు ఎరుకే ఉందనే బౌద్ధ విజ్ఞానవాదిని నిలదీశారు. బయటి వస్తువు కోసం అంత గట్టిగా వాదించినవాడు నాస్తికుడేమోనని తెలియనివారు అనుకోవచ్చు!

1930 జూలై 14న బెర్లిన్ దగ్గర కాపుత్‌లో ఐన్‌స్టీన్, ఠాగూర్ మాట్లాడుకున్నదీ ఇదే. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఈ బల్ల ఉన్నచోటే ఉంటుందని ఐన్‌స్టీన్ అన్నాడు. ఒక్కొక్కరి మనసుకు బయట ఉంటుంది, విశ్వమనసుకు బయట కాదని ఠాగూర్ జవాబు. బల్ల సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు, గమనించారా? పేచీ అంతా ఆ రెండో సగం మీదే. దాన్ని రుజువు చేసే ప్రయోగం ఠాగూర్ చెప్పలేదు. తన నమ్మకాన్ని రుజువు చేయలేనని ఐన్‌స్టీనూ ఒప్పుకున్నాడు.

కొత్తకలం:
యతి సవరించుకున్నాను గురువు గారూ. మూడో పాదం మార్చాలా?

నిర్వాహకుడు:
వద్దు. "నేఁడు వచ్చి మనము" అన్నదాంట్లో పొగరు దించే గుణం ఉంది, ఉండనివ్వండి.

ఇక ఓటు. నేను పుట్టిపెరిగిన ఇల్లు అద్వైతం వైపు. గౌతమీతీరం గారి మొదటి రెండు పాదాలు రాత్రికి మళ్లీ చదువుకుంటాను కూడా. అయినా ఈ వారం నా ఓటు మత్తుడాక్టరు గారికే. సమస్యలో ఒక్క అక్షరం మారకుండా అర్థాన్ని తలకిందులు చేశారు. పైగా ఆ పద్యంలో ఏ మాట తీసినా కూలిపోతుంది. కంటివైద్యురాలు గారు చెప్పిన రోగి మీద పద్యం ఇంకా బాకీ. ఆదివారం సాయంత్రం దాకా గడువు పెంచుతున్నాను. ఆటవెలదే కావాలి, తేటగీతిలో రాసి పంపకండి.