కారణాంకం చూపకుండా ‘ప్రధాన సంఖ్య కాదు’ అంటే ఒప్పుకోవాలా?

బైరాగిపట్టెడ ట్యూషన్ సార్:
నిన్న సాయంత్రం ట్యూషన్‌లో పదో తరగతి పిల్లవాడు నాతో గట్టిగా వాదించాడు. 2 పవర్ 67 లోంచి 1 తీసేస్తే 147573952589676412927. మెర్సెన్ 1644లో దీన్ని ప్రధాన సంఖ్యల జాబితాలో రాశాడు, 1876లో లూకాస్ కాదని తేల్చాడు గానీ ఒక్క కారణాంకం కూడా చూపలేదు, చివరికి 1903లో కోల్ 193707721ని 761838257287తో గుణించి చూపించాడు. లూకాస్‌తోనే పని అయిపోయింది కదా సార్ అంటాడు మావాడు. నేను ఒప్పుకోను. కారణాంకం కంటికి కనబడేదాకా తెలిసింది సగమే.

చిత్తూరు మామిడి మండీ:
సార్, నేను పిల్లవాడి వైపే. తోతాపురి క్రేటు 20 కిలోలని చెప్పి కాటా మీద 18 చూపిస్తే, ఏ కాయ తీశారో తెలియకపోయినా తూకం తప్పని తెలిసిపోతుంది కదా. 91 తీసుకోండి. 2 కాకుండా ఏ ప్రధాన సంఖ్యకైనా, దానికంటే ఒకటి తక్కువ పవర్‌కి 2ను హెచ్చించి ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి, ఇది ఫెర్మా సూత్రం. 2 పవర్ 12 అంటే 4096, అందులో 91 నలభై ఐదు సార్లు పోతే 1 మిగులుతుంది. కాబట్టి పవర్ 84కీ శేషం 1. ఇంకా మిగిలింది పవర్ 6, అంటే 64. పవర్ 90కి 1 రావాల్సిన చోట 64 వచ్చింది, 91 ప్రధాన సంఖ్య కాదు. ఇందులో 7 గానీ 13 గానీ ఎక్కడన్నా వాడానా సార్?

రేణిగుంట లెక్కలు:
అన్నా, శేషం 1 వచ్చింది కదా అని ప్రధాన సంఖ్య అనుకుంటే మాత్రం దెబ్బతింటాం. 2 పవర్ 10 అంటే 1024, 341తో భాగిస్తే శేషం 1, కాబట్టి పవర్ 340కీ 1 వస్తుంది. కానీ 341 అంటే 11 × 31. లూకాస్ వాడింది వేరే పరీక్ష.

బైరాగిపట్టెడ ట్యూషన్ సార్:
91 లెక్క ఇప్పుడే కాగితం మీద వేసి చూశాను, ఒప్పుకుంటున్నాను, అది ప్రూఫే. సగం తెలిసిందన్న మాట వెనక్కి తీసుకుంటాను. కానీ లూకాస్ లెక్క సరిచూడాలంటే మొత్తం మళ్లీ చేయాలి, మధ్యలో ఒక్క అంకె తప్పినా అంతా పోయినట్టే. కోల్ ఇచ్చింది ఒక్క గుణకారం. రాత్రి నేనూ గుణించాను, రెండుసార్లు క్యారీ తప్పింది, మూడోసారి కుదిరింది. అంకెలు కూడితే ఒకదానికి 37, ఇంకోదానికి 64, జవాబుకి 109, మూడూ 9తో భాగిస్తే శేషం 1, అది చూశాక గానీ టెన్షన్ తగ్గలేదు.

చిత్తూరు మామిడి మండీ:
అది సరిచూసుకునే సుఖం సార్, నిజం వేరు. 2 పవర్ 1048576కి 1 కలిపితే 315653 అంకెల సంఖ్య. అది ప్రధాన సంఖ్య కాదని 1980ల చివర్లోనే తేలింది, ఒక్క కారణాంకం కూడా ఇంకా దొరకలేదు. దాన్ని తెలియని సంఖ్య అందామా?

బైరాగిపట్టెడ ట్యూషన్ సార్:
అననండీ. రేపు క్లాసులో మావాడిదే రైటని చెప్పి 91 లెక్క వాడి చేతే బోర్డు మీద చేయిస్తాను. ఆ తర్వాత కోల్ గుణకారం మాత్రం అందరూ చేయాల్సిందే.