డాక్టర్ వచ్చేదాకా నర్సు చేతులు కట్టుకుని నిలబడాలా?

రాత్రి డ్యూటీ (చర్చ మొదలుపెట్టినవారు):
అత్యవసర విభాగంలో పనిచేసే నర్సుగా అడుగుతున్నాను. ఛాతీ నొప్పితో ఒక మనిషి వస్తాడు. ఉన్న ఒక్క డ్యూటీ డాక్టర్ పక్క గదిలో ప్రమాదంలో గాయపడ్డవారితో తలమునకలుగా ఉంటారు. ఛాతీ నొప్పి రోగి వచ్చిన 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయాలని గుండె వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. నేను తీయాలా, ఆర్డర్ కోసం ఎదురుచూడాలా?

చాలాచోట్ల జరిగేది మనందరికీ తెలిసిందే. సిస్టరే ఈసీజీ తీస్తుంది, మందులు ఎక్కించడానికి నరంలో సన్నని గొట్టం (కాన్యులా) పెడుతుంది, రక్తం పరీక్షకు పంపుతుంది. తర్వాత డాక్టర్ వచ్చి కేస్‌షీట్‌లో సంతకం పెడతారు. అంతా సవ్యంగా సాగితే ఆ సంతకం ఎప్పుడు పడిందో ఎవరూ అడగరు. ఏదైనా తేడా వస్తే మాత్రం మొదట వచ్చే ప్రశ్న, "ఆర్డర్ లేకుండా ఎందుకు చేశావు?"

నేను కొత్త అధికారం కోరడం లేదు. రోజూ చేస్తున్న పనిని కాగితం మీద ఒప్పుకోమంటున్నాను. ఈ లక్షణాలుంటే ఈ పనులు నర్సు స్వయంగా మొదలుపెట్టవచ్చని ముందే రాసి, బాధ్యులు సంతకం చేసిన స్టాండింగ్ ఆర్డర్లు ప్రతి అత్యవసర విభాగంలో ఉండాలి.

క్యాజువాల్టీ డాక్టర్:
నాకు అభ్యంతరం ఉంది. ఈసీజీ వరకు సరే. అయితే ఇలాంటి జాబితాలు అక్కడితో ఆగవు. రేపు ఛాతీ నొప్పి అనగానే ఆస్పిరిన్ ఇవ్వవచ్చని చేరుస్తారు. ఆ నొప్పి గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం (బృహద్ధమని) గోడ చీలడం వల్ల వచ్చిందైతే, రక్తం గడ్డకట్టకుండా చేసే మందు ప్రాణం మీదికి తెస్తుంది. నొప్పి వీపులోకి పాకుతోందా, రెండు చేతుల బీపీలో తేడా ఉందా, ఇవన్నీ కలిపి చూసి అనుమానించడానికి ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. పైగా రేపు కోర్టు మెట్లెక్కేది నేను. నిర్ణయం ఒకరిది, జవాబుదారీ మరొకరిది అంటే ఎలా ఒప్పుకోను?

నర్సింగ్ పాఠాలు:
డాక్టర్ గారూ, ఆస్పిరిన్ విషయంలో మీరన్నది నిజం. అది జాబితాలో ఉండకూడదంటే తీసేద్దాం. కానీ అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. చేస్తే ముప్పు ఎంత, ఆగితే ముప్పు ఎంత అని ఒక్కో పనినీ విడిగా తూచాలి. తీవ్రమైన అలర్జీతో గొంతు వాచి, బీపీ పడిపోతున్న పెద్దవాళ్లకు తొడ బయటివైపు కండరంలోకి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ఇవ్వాలి. తగ్గకపోతే 5 నిమిషాలకు మళ్లీ ఇవ్వాలి. ఇక్కడ డాక్టర్ కోసం వెతికే సమయంలోనే రోగి చేజారిపోవచ్చు. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పినవారికి గ్లూకోజ్ ఎక్కించడమూ అంతే.

నర్సుకు నిర్ణయం అప్పగించడం కొత్త కూడా కాదు. ఎవరిని ముందు చూడాలో తేల్చే మాంచెస్టర్ ట్రయాజ్ పద్ధతిలో రోగులను 5 రంగులుగా విడదీస్తారు. ఎరుపైతే వెంటనే, నారింజకు 10 నిమిషాల్లో, పసుపుకు 60, ఆకుపచ్చకు 120, నీలానికి 240 నిమిషాల్లో డాక్టర్ చూడాలి. ఆ రంగు నిర్ణయించేది సాధారణంగా నర్సే. ఈ మనిషి నాలుగు గంటలు ఆగినా ఫరవాలేదని చెప్పగల నర్సును, ఆ నాలుగు గంటలూ అతను బాధపడకుండా పారాసెటమాల్ ఇవ్వడానికి మాత్రం నమ్మరా?

ఇన్‌చార్జ్ సిస్టర్:
నేనూ నర్సునే, అయినా నాకు ఇంకో భయం ఉంది. స్వతంత్రత అని పేరు పెట్టి డాక్టర్ల ఖాళీలను మా నెత్తిన రుద్దుతారు. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం అమెరికాలో చేసిన అధ్యయనంలో, నర్సు చూసుకునే రోగుల్లో ఒక్కొక్కరు పెరిగే కొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్టు తేలింది. అది శస్త్రచికిత్స రోగుల లెక్క. అత్యవసర విభాగంలో అయితే తలుపు తెరిచే ఉంటుంది, ఎందరు వస్తారో చెప్పలేం. మనుషులను ఇవ్వకుండా అధికారం ఇస్తే అది మమ్మల్ని ఇరికించడమే.

అసలు నాకు కావలసిన స్వాతంత్ర్యం వేరు. ఒక రాత్రి ఒక జూనియర్ డాక్టర్ పొటాషియం క్లోరైడ్‌ను నేరుగా నరంలోకి ఇచ్చేయమని నోటిమాటగా చెప్పారు. అలా ఇస్తే గుండె ఆగిపోవచ్చు. నేను సిరంజి ట్రేలో పెట్టేసి, "సర్, ఇది పలుచన చేసి నెమ్మదిగా ఎక్కించాలి, ఇలా నేను ఇవ్వను" అన్నాను. రోగి బంధువుల ముందే "డాక్టర్ నువ్వా, నేనా?" అని కేకలేశారు. సీనియర్ వచ్చి ఆర్డర్ మార్చారు. అయినా ఎదురు చెబుతుందన్న పేరు మాత్రం నాకే మిగిలింది. ఇవ్వనని చెప్పిన నర్సును సంస్థ కాపాడుతుందని ముందు రాయండి, జాబితాల సంగతి తర్వాత చూద్దాం.

రోగి కూతురు:
మా వైపు నుంచి ఒక్క మాట. మందు ఎవరిచ్చారన్నది మాకు పట్టింపు కాదు. ఏమిచ్చారో, ఎందుకిచ్చారో అప్పుడే చెప్పే మనిషి కావాలి. నాన్నగారికి ఆయాసం వచ్చినప్పుడు అలా చెప్పింది నర్సు ఒక్కరే.

క్యాజువాల్టీ డాక్టర్:
సిస్టర్ గారూ, పొటాషియం విషయంలో మీరు చేసిందే సరి. ఆ అరుపు మా వృత్తికే తలవంపు. ఈసీజీ, గ్లూకోజ్, అడ్రినలిన్, పారాసెటమాల్ వరకు నేను ఒప్పుకుంటున్నాను. రెండు షరతులున్నాయి. కొత్తగా చేరినవారికి వెంటనే ఇవ్వకూడదు, శిక్షణలో నెగ్గాకే ఇవ్వాలి. మొదలుపెట్టిన సమయం రాసి, ఆ క్షణమే డాక్టర్‌కు కబురు చేయాలి. మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి మందులకు మాత్రం ససేమిరా ఒప్పుకోను.

రాత్రి డ్యూటీ:
రెండు షరతులూ న్యాయమైనవే. మార్ఫిన్ నేను అడగలేదు. అయితే జాబితా ఒక్కటే సరిపోదు. రోగి పరిస్థితి విషమిస్తోందేమో ముందే పసిగట్టడానికి బ్రిటన్‌లో వాడే న్యూస్ (NEWS) స్కోరులో శ్వాస, నాడి, బీపీ, ఆక్సిజన్, జ్వరం, స్పృహ కలిపి అంకెలు వేస్తారు. మొత్తం 5కు చేరితే త్వరగా, 7కు చేరితే హుటాహుటిన వైద్య బృందం రావాలి. కానీ కొన్నిసార్లు అంకెలన్నీ బాగానే ఉంటాయి, మనిషి మాత్రం బాగుండడు. నుదుటి మీద చల్లటి చెమట, పడుకోబెడితే లేచి కూర్చోవడం, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగడం. స్కోరు సున్నా ఉంది కదా అని జూనియర్ డాక్టర్ వెళ్లిపోతే, ఆయనను దాటి నేరుగా సీనియర్‌కు ఫోన్ చేసే హక్కు నర్సుకు ఉండాలి. ఆ ఫోను వృథా అయినా సంజాయిషీ అడగకూడదు. దీనికి ఒప్పుకుంటారా?

క్యాజువాల్టీ డాక్టర్:
ఒప్పుకుంటాను. నాకు చేయండి, జూనియర్‌కు నేనే చెబుతాను. వృథా ఫోన్లకు సంజాయిషీ వద్దన్న నిబంధన మాత్రం యాజమాన్యం సంతకంతో రావాలి, నా ఒక్కడి మాట చాలదు. ముసాయిదా మీరు రాయండి, మందుల భాగం నేను చూస్తాను.

ఇన్‌చార్జ్ సిస్టర్:
అందులో ప్రతి షిఫ్టుకు ఎందరు నర్సులు ఉండాలో కూడా రాయండి. అది లేకపోతే నేను సంతకం పెట్టను.