ఎనిమిది నెలల్లో ఆరు సెగగడ్డలు: మందు వాడినా మళ్లీ ఎందుకు వస్తున్నాయి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నాకు 34 ఏళ్లు, ఉండేది రాజమండ్రి. పోయిన దసరా నుంచి ఇప్పటికి ఆరు సెగగడ్డలు లేచాయి. మొదటిది తొడ మీద, తర్వాత చంకలో, ఇప్పుడు నడుం దగ్గర. లేచినప్పుడల్లా మా వీధి ఆర్‌ఎంపీ గారు ఐదు రోజులకు మాత్రలిస్తారు. మూడో రోజుకి సలుపు తగ్గుతుంది, నేనూ మాత్రలు ఆపేస్తాను. నెల తిరిగేసరికి ఇంకోచోట ఎర్రగా, గట్టిగా తగులుతుంది. వేడి చేసిందని అమ్మ మామిడిపండు ముట్టనివ్వడం లేదు. రక్తం చెడిందని మామగారు వేప కషాయం పట్టిస్తున్నారు. బైక్ మీద కూర్చోలేక ఆఫీసుకి సెలవు పెట్టాను. ఇలా వచ్చి పూర్తిగా తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కరీంనగర్ అక్క:
మా అబ్బాయికి తగ్గింది తమ్ముడూ. హాస్టల్లో ఉండి కబడ్డీ ఆడతాడు. ఏడాదిలో నాలుగు గడ్డలు, అన్నీ మోకాళ్ల చుట్టూనే. ఒకసారి వాడి గదికి వెళ్లి చూశాను. నలుగురు పిల్లలకి కిటికీ ఊచ మీద రెండే తువ్వాళ్లు. ఒకటి పట్టుకుంటే మధ్యాహ్నం రెండింటికి కూడా తడిగా, జిగటగా ఉంది. పక్క మంచం పిల్లాడికి మెడ వెనక గడ్డకి కట్టు కట్టి ఉంది. ఆ రోజే స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె గడ్డ కోసి చీము తీసి, అందులోని క్రిమిని పెంచి చూసే కల్చర్ టెస్టుకి పంపింది. అప్పటిదాకా వాడిన మాత్ర ఆ క్రిమి మీద పనిచేయదని రిపోర్టులో వచ్చింది. గడ్డ మోకాలి మీదుంటే ముక్కులోంచి కూడా శాంపిల్ తీయించింది. అక్కడా అదే క్రిమి!

పెట్రీప్లేటు:
అసలు సంగతి అక్క చెప్పేశారు. నేను పదకొండేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. సెగగడ్డ చీములో మాకు ఎక్కువగా కనిపించేది స్టెఫైలోకాకస్ ఆరియస్. 1880లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే స్కాట్లండ్ సర్జన్ గడ్డల చీముని మైక్రోస్కోపు కింద చూస్తే గుత్తులు గుత్తులుగా కనిపించింది ఇదే. గ్రీకులో స్టెఫైలే అంటే ద్రాక్షగుత్తి.

మన చర్మం బ్యాక్టీరియాకి సుఖమైన చోటు కాదు. పొడిగా ఉంటుంది, కాస్త ఆమ్లగుణం ఉంటుంది, చెమటలో ఉప్పు ఉంటుంది. ఈ స్టెఫైలోకాకస్‌కి మాత్రం ఉప్పు ఒక లెక్క కాదు. ల్యాబ్‌లో దీన్ని పట్టుకోవడానికి 7.5 శాతం ఉప్పు కలిపిన ప్లేటు వాడతాం, చాలా బ్యాక్టీరియా అందులో పెరగలేవు. సాయంత్రం ఎర్రగా లోపల పెట్టిన ప్లేటు పొద్దున తీసేసరికి గీత గీసినంత మేరా పసుప్పచ్చగా మారి ఉంటుంది. ఇన్నేళ్లయినా అది చూడగానే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

పదిమందిలో ఇంచుమించు ముగ్గురికి ఇది ముక్కు ముందుభాగంలో ఏ బాధా పెట్టకుండా ఉంటుంది. అక్కడి చర్మంలోని లోరిక్రిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకునే కొక్కెం లాంటిది దీనికి ఉంది. గోదారిగట్టు గారూ, మీరు మింగిన మాత్ర గడ్డని అణచినా ముక్కులో ఉన్నది చాలాసార్లు పోదు. వేలు ముక్కులోకి, అక్కడి నుంచి గీరుకున్న చోటికి. ఇంకోటి, వీటిలో కొన్ని బాగా నెమ్మదిగా పెరిగే రకంగా మారి మన కణాల లోపలే దాక్కోగలవు. మందు ఆగాక మళ్లీ మామూలు రూపానికి వస్తాయి. కాబట్టి మూడో రోజు మాత్రలు ఆపడం మానేయండి, దయచేసి.

డాలస్ లక్ష్మి:
మాది గడ్డల సమస్య కాదు, బాబుకి ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక రసి కారుతుంది. వాడి చర్మం మీదా ఇదే క్రిమి అన్నారు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు మెక్సికోలో ఎగ్జిమా ఉన్న 23 మంది పిల్లల్ని నెలల తరబడి గమనించి 2023లో వేసిన పరిశోధన చదివాను. చాలామంది పిల్లల మీద కొత్త క్రిమి ఎక్కడి నుంచో రాలేదు. ఉన్నదే ఉంటూ ఆ చర్మానికి తగ్గట్టు మారుతూ వచ్చింది. చుట్టూ ఉండే కవచాన్ని తయారుచేసే క్యాప్‌డి అనే జీన్ చెడి, కవచం లేని రకాలు ముందుకొచ్చాయి. కవచం పోతే చర్మానికి ఇంకా బాగా అతుక్కుంటుందేమో అని వాళ్ల అంచనా. ఒక పిల్లాడి ఒంటి మీదైతే ఆ జీన్‌లో నాలుగు రకాల మార్పులు విడివిడిగా వచ్చి, చివరికి ఒకటే ఒళ్లంతా పాకింది. ఇన్నాళ్లూ నా శుభ్రతలోనే లోపమని ఏడ్చేదాన్ని. ఇది చదివిన రాత్రి నిద్రపట్టింది.

ఉప్పాడ శ్రీను:
అన్నా, ముందు షుగర్ చూపించుకో. మా నాన్నకి వీపు మీద గడ్డ మానకపోతే టెస్టు చేయించాం, 312 ఉంది. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఉల్లిపాయ కాల్చి కట్టాం, దాంతో చర్మం కాలింది కూడా. గుడ్డతో గోరువెచ్చని కాపడం చాలన్నారు డాక్టరు. ముక్కు పక్కన, పెదవి మీద లేస్తే మాత్రం అస్సలు చిదమొద్దన్నారు, ఇన్ఫెక్షన్ మెదడు వైపు వెళ్లే ప్రమాదం ఉందట. మామిడిపండు సంగతి అడిగితే, పండు కాదు, ఆ కాలంలో ఉక్క, చెమట, బిగుతు బట్టల రాపిడి చూసుకోండి అన్నారు.

గోదారిగట్టు:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. షుగర్ లేదు. కల్చర్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ వచ్చింది, అంటే చాలా మందులకి లొంగని స్టెఫైలోకాకస్ ఆరియస్ రకం, నేను వాడిన మాత్రలేవీ దాని మీద పనిచేయవట. నా ముక్కులోనూ ఉంది, మా ఆవిడ ముక్కులోనూ ఉంది. ఆమెకి ఇంతవరకు ఒక్క కురుపు కూడా లేవలేదు! గడ్డ కోసి శుభ్రం చేసి మందు మార్చారు. ఇంట్లో అందరికీ ఐదు రోజులు ముక్కులో మ్యుపిరోసిన్ ఆయింట్‌మెంట్ రెండుపూటలా, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందుతో స్నానం. అందరికీ ఎందుకండీ?

పెట్రీప్లేటు:
మీ ఒక్కరికే చేస్తే ఇంట్లోవాళ్ల దగ్గర నుంచి మళ్లీ అంటుకోవచ్చు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 2012లో పోల్చి చూశారు, ఇంటిల్లిపాదికీ చేసినచోట గడ్డలు మళ్లీ రావడం తగ్గింది. ఐదు రోజులు అయ్యాక ట్యూబు మిగిలిందని మీ అంతట మీరు పూసుకోకండి. దానికీ ఈ క్రిమి అలవాటు పడిపోతుంది.

గోదారిగట్టు:
ఇవాళ మూడో రోజు. దిండు గలీబులు, తువ్వాళ్లు అమ్మే మరిగే నీళ్లలో వేసింది, ఎవరి తువ్వాలు వాళ్లకి వేరే మేకు కొట్టించింది. ఏడేళ్ల పాప మాత్రం ముక్కు దగ్గరికి చెయ్యి రానివ్వడం లేదు. ఏం చేయాలి?

కరీంనగర్ అక్క:
ముందు నువ్వు పెట్టుకొని చూపించు తమ్ముడూ. తర్వాత ఇయర్‌బడ్ మీద శనగగింజలో సగమంత తీసి, నీ ముక్కుకి పాపనే పెట్టమను. ఆ తర్వాత వేరే బడ్‌తో తనకి పెట్టు. మా చిన్నదానికి అలాగే పెట్టాను.