అప్‌డేట్: గన్నేరు ఆకు కింది వెండి ప్యూపా తెరుచుకుంది

పోయిన వారం అడిగాను కదా, హన్మకొండలో మా ఇంటి గన్నేరు ఆకు కింద వెండి జుంకాలా మెరుస్తున్న ప్యూపా (గొంగళిపురుగు రెక్కలొచ్చే ముందు ఉండే దశ) మాత్‌దా, సీతాకోకచిలుకదా అని. సీతాకోకచిలుకదే! కామన్ క్రో అనే రకం. మీలో ఒకరు చెప్పినట్టే చుట్టూ పట్టుగూడు లేదు, తోక కొసతో తలకిందులుగా వేలాడింది. మా కరివేపాకు చెట్టు మీది నిమ్మ సీతాకోకచిలుక ప్యూపాకైతే నడుము చుట్టూ పట్టుదారం కూడా ఉంది.

మొన్న రాత్రి మెరుపు పోయి నల్లబడింది. చచ్చిపోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. టార్చి వేసి చూస్తే పలచటి పొర లోపల రెక్కల తెల్లచుక్కలు! పొద్దున్నే బయటికొచ్చింది. ముడతలు పడ్డ తడి రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. అది ఎగిరిపోయేదాకా అక్కడే కూర్చున్నా. ఖాళీ పొర ఇంకా ఆకుకే ఉంది, తియ్యబుద్ధి కాలేదు. కొమ్మలు కొట్టిద్దామన్న అమ్మ కూడా ఇప్పుడు వద్దంటోంది.